పాట ముందా? గడియారం ముందా?

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగిసే పండుగ దినాలలో కామారెడ్డిలోగాని, ఎల్లారెడ్డిలోగాని రెండు రకాల పాటలు చెవిన పడతాయి. తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరుగుతూ స్త్రీలు తమ గొంతుతో తాము పాడుకొనేది ఒకటి. మైకులోనుంచి, ఇటీవల ఐతే మనిషెత్తు బాక్సులలోనుంచి వచ్చేది రెండవది. రెండింటిలోను మాటలు ఒకటే కావచ్చు, వరుస ఒకటే కావచ్చు, ‘ఉయ్యాలో’ అనే వంత కూడ ఒకటే కావచ్చు. అయినా అవి ఒకటి కావని చిన్నపిల్లలకు సైతం తెలుస్తుంది. తేడా నడకలో ఉన్నది.

స్త్రీలు గుండ్రంగా నిలబడి పాడేటప్పుడు పాట నెమ్మదిగా మొదలవుతుంది. పాట చెప్పే ఆమె ఒక చరణం చివర మాటను కొంచెం సాగదీస్తుంది. మిగిలినవారి చప్పట్లు ఆమె కోసం ఆగుతాయి. పాట నడిచినకొద్దీ అడుగులు చురుకౌతాయి. కొత్తవారు వచ్చి వలయంలో చేరినప్పుడు మళ్లీ తగ్గుతాయి. బాక్సులోని పాటకు ఈ బాధలేవీ లేవు. అది మొదటి దెబ్బనుంచి చివరి దెబ్బవరకు ఒకే వేగంతో నడుస్తుంది. సాగవలసిన మాట సాగదు, ఎందుకంటే తరువాతి దెబ్బ ఎవరికోసమూ ఆగదు. ఫలితంగా కొన్ని మైదానాలలో స్త్రీలు పాడడమే మాని, బాక్సు చెప్పినట్లు అడుగులు వేస్తూ ఉంటారు. ఇది చిన్న మార్పు కాదు. పాటను నడిపించేవారు ఇప్పుడు పాట వెనుక నడుస్తున్నారు.

దీనికి పెద్దవారు చెప్పే కారణం ఒక్కటే: యంత్రం పాటను చంపింది అని. విజ్ఞానశాస్త్రం చదివేవారు ఇలాంటి తీర్పును విచారణ లేకుండా ఒప్పుకోరాదు. ఏ యంత్రం? దానిలోని ఏ భాగం? అది ఆ పని తప్పక చేయవలసి వచ్చి చేసినదా, లేక మనిషి చేయమన్నాడు గనుక చేసినదా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే, పాటలు రికార్డు చేసే గదులలో సుమారు నలభై సంవత్సరాల క్రితం ఎదురైన ఒక చిక్కు దగ్గరకు వెళ్లాలి. టేపురికార్డరును, సీక్వెన్సరు అనే పరికరాన్ని కలిపి నడిపించడం ఎలా అన్నదే ఆ చిక్కు.

ముద్దాయిలు ఇద్దరు. మొదటిది మల్టీట్రాక్ టేపురికార్డరు. ఇనుప ఆక్సైడు పొడి పూసిన ప్లాస్టిక్ పట్టీ ఒక విద్యుదయస్కాంతం ముందుగా జరిగిపోతుంటే, ధ్వనిని అనుసరించి మారే విద్యుత్ప్రవాహం ఆ పొడిలో అయస్కాంతత్వపు గుర్తులను మిగులుస్తుంది. సామాన్య యంత్రంలో ఈ గుర్తుల దారి ఒకటో రెండో. మల్టీట్రాక్ యంత్రంలో నాలుగు, ఎనిమిది, పదహారు, ఇరవైనాలుగు దారులుంటాయి. ఒకే చెలకలో పక్కపక్కన దున్నిన సాళ్లవలె అవి పట్టీ పొడవునా సాగుతాయి. ఈ రోజు ఒక సాలులో గాయని గొంతు, రేపు పక్క సాలులో ఢోలక్, ఎల్లుండి వేణువు: ఇలా విడివిడిగా నింపి చివరకు అన్నింటిని కలిపి వినవచ్చును.

చెప్పడానికి సులభంగా ఉన్నా దీనిలో ఒక పేచీ ఉన్నది. రికార్డు చేసే హెడ్డు, వినిపించే హెడ్డు వేరువేరు చోట్ల ఉంటాయి. రెండింటి మధ్య దూరం 4 సెంటీమీటర్లు, టేపు వేగం సెకండుకు 19 సెంటీమీటర్లు అనుకోండి. పాత గొంతును వింటూ కొత్తగా వాయించిన ఢోలక్, టేపు మీద 0.21 సెకండు తప్పి పడుతుంది. వేగం, దూరం, కాలం లెక్క ఇవ్వదలచిన ఉపాధ్యాయులకు ఇంతకంటె సరసమైన ఉదాహరణ దొరకడం కష్టం. 1950 దశకంలో అమెరికాలోని ఆంపెక్స్ సంస్థ దీనికి ఉపాయం కనిపెట్టింది. రికార్డు చేసే హెడ్డు చేతనే పాత దారులను వినిపింపజేస్తే దూరమూ లేదు, ఆలస్యమూ లేదు. ఈ ఉపాయంతో చేసిన ఎనిమిది దారుల యంత్రం 1957లో గిటారు విద్వాంసుడు లెస్ పాల్ చేతికి అందింది. 1979లో టాస్కామ్ సంస్థ మామూలు కాసెట్ మీదనే నాలుగు దారులు గీసే పోర్టాస్టూడియోను అమ్మకానికి పెట్టడంతో, పెద్ద స్టూడియో లేని సంగీతకారుడికి కూడ ఈ విద్య అందుబాటులోకి వచ్చింది.

రెండవ ముద్దాయి సీక్వెన్సరు. దీనిని గురించి విద్యార్థులలోనే కాక కొందరు ఉపాధ్యాయులలో కూడ ఒక అపోహ ఉన్నది. ‘మిడి’ అంటే ఒక రకమైన ధ్వని అనుకుంటారు. అది పొరపాటు. మిడి తీగలో ధ్వని ప్రవహించదు, ఆజ్ఞలు ప్రవహిస్తాయి. ఫలానా స్వరాన్ని ఇంత బలంతో మొదలుపెట్టు, ఇప్పుడు ఆపు అని చెప్పే అంకెలవి. సంగీతం మాష్టారి స్వరాల పుస్తకం పాడదు గదా! పాడేవారికి ఏం పాడాలో చెబుతుంది. సీక్వెన్సరు అటువంటి పుస్తకమే, కాకపోతే పుటలు తానే తిప్పుకొంటుంది. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదాని మాట మరొకటి అర్థం చేసుకొనేటట్లు 1983లో మిడి నిబంధనలు వెలువడ్డాయి. అందుకు పాటుపడిన డేవ్ స్మిత్, ఇకుతారో కకేహాషి అనే ఇద్దరికి 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు.

మిడి తీగలో సెకండుకు 31,250 బిట్లు పోతాయి. ఒక్కొక్క అంకెకు పది బిట్లు కావాలి గనుక దానికి పట్టే కాలం 320 మైక్రోసెకండ్లు. ఒక స్వరాన్ని మొదలుపెట్టమనే ఆజ్ఞకు మూడు అంకెలు, అనగా ఇంచుమించు ఒక మిల్లీసెకండు. పది స్వరాలను ‘ఒక్కసారిగా’ పలికించమంటే మొదటిదానికి, చివరిదానికి మధ్య సుమారు తొమ్మిది మిల్లీసెకండ్ల తేడా ఉండనే ఉంటుంది. యంత్రం అత్యంత నిర్దుష్టమని నమ్మేవారు ఈ లెక్కను జ్ఞాపకం ఉంచుకోవాలి. దీని అవసరం ముందు వస్తుంది.

ఇప్పుడు చిక్కు చూడండి. టేపును మోటారు లాగుతుంది. ఆ మోటారు వేగం కరెంటునుబట్టి, టేపు బిగువునుబట్టి, చుట్టలో మిగిలిన టేపు బరువునుబట్టి ఎంతో కొంత మారుతుంది. సీక్వెన్సరులో స్ఫటికపు కంపనాలను లెక్కించే గడియారం ఉన్నది. అది దాదాపు మారదు. రెండింటిని ఒకే క్షణంలో మొదలుపెట్టి, వాటి దారిన వాటిని వదిలిపెట్టండి. టేపు వేగం వెయ్యికి ఒక వంతు మాత్రమే తేడాగా ఉన్నది అనుకోండి. ఐదు నిమిషాల పాట చివరకు ఆ తేడా 0.3 సెకండు. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకు, దెబ్బకు మధ్య కాలం అర సెకండే. అంటే గాయని సమంలో ఉన్నప్పుడు యంత్రపు ఢోలక్ సగం దెబ్బకు మించి దూరంలో ఉంటుంది. రెండు గోడగడియారాలను ఒకే గోడకు వేలాడదీసినంత మాత్రాన అవి కలిసి నడుస్తాయని ఆశించరాదు.

(హైగెన్స్ 1665లో తన రెండు లోలక గడియారాలు ఒకే దూలానికి వేలాడదీసినప్పుడు వాటంతట అవే కలవడం చూశాడు. అక్కడ దూలం ద్వారా శక్తి మారింది. టేపుకు, సీక్వెన్సరుకు అటువంటి దూలం లేదు.)

దూలం లేకపోతే తయారుచేయాలి. ఆ దూలమే టేపు మీద ఒక సాలును త్యాగం చేసి దానిలో నింపిన కాలసంకేతం. అది సంగీతం కాదు. వింటే ఈలవలె, గొరగొరవలె ఉంటుంది. దానిని వినిపించే హెడ్డునుంచి తీసుకొని ఒక పెట్టె మిడి ఆజ్ఞలుగా మారుస్తుంది. సీక్వెన్సరు తన సొంత గడియారాన్ని పక్కకు పెట్టి ఆ ఆజ్ఞల ప్రకారం అడుగు వేస్తుంది. టేపు ఆగితే అది ఆగుతుంది, టేపు మందగిస్తే అది మందగిస్తుంది.

టేపే ఎందుకు నడిపించాలి, సీక్వెన్సరే టేపును నడిపించరాదా అన్నది తెలివైన ప్రశ్న. దీనికి జవాబు తొమ్మిదవ తరగతి పాఠంలోనే ఉన్నది: జడత్వం. టేపు చుట్టలకు, చక్రాలకు ద్రవ్యరాశి ఉన్నది. వాటి వేగాన్ని క్షణంలో మార్చాలంటే బలం కావాలి, కాలం కావాలి. సీక్వెన్సరులో కదిలేది అంకెల లెక్క మాత్రమే. దానిని ఎటు తిప్పినా తిరుగుతుంది. దూడను బండి వెనుక కట్టవచ్చును గాని, బండిని దూడ వెనుక కట్టరు. పెద్ద స్టూడియోలలో మోటారు వేగాన్ని క్షణక్షణం సవరిస్తూ ఒక టేపు యంత్రాన్ని మరొకదాని వెంట నడిపించిన మాట నిజమే. కాని అది ఖరీదైన వ్యవహారం.

నాలుగు దారులలో ఒకటి కోల్పోవడం నష్టమనిపిస్తుంది. నిజానికి అక్కడే ఆకర్షణ ఉన్నది. సీక్వెన్సరు నడిపించే ఎనిమిదో పదహారో వాయిద్యాలు టేపు మీద చోటు అడగవు. చివరి కలయికలో అప్పటికప్పుడు పలుకుతాయి. మిగిలిన మూడు దారులూ గొంతులకు, వేణువుకు ఖాళీ. తక్కువ డబ్బుతో ఎక్కువ వాయిద్యాలు! ఈ బేరం లేకపోతే ఆ గొరగొరను ఎవ్వరూ తమ టేపు మీదకు రానిచ్చేవారు కారు. దానిని అంచున ఉన్న దారిలో పెట్టేవారు, వీలైతే పక్క దారిని ఖాళీగా వదిలేవారు. లేకపోతే అది పక్కకు కారి పాటలో వినిపించేది.

ఈ కాలసంకేతాలు అన్నీ ఒక్కటి కావు. బతుకమ్మ పాట తగాదా తేలేది ఇక్కడే గనుక వీటిని కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది.

మొదటిది ఎఫ్.ఎస్.కె. పద్ధతి. రెండు స్థాయిల నాదాలు ఒకదాని తరువాత ఒకటి మారుతూ ఉంటాయి. ఆ మార్పులనుంచి పెట్టె గడియారపు అడుగులను లెక్కిస్తుంది. మిడి లెక్క ప్రకారం ఒక దెబ్బకు 24 అడుగులు. చవకైన పద్ధతి, కాని దీనికి రెండు దోషాలు. ఇది అడుగులను వినిపిస్తుందే తప్ప ఇది ఎన్నవ అడుగో చెప్పదు. పాట మధ్యలో ఒక చరణాన్ని సరిచేయాలన్నా టేపును మొదటికి తిప్పి అక్కడనుంచి నడిపించాలి. టేపు మీద పూత రాలి ఒక అడుగు పోయిందంటే, 120 దెబ్బల వేగంలో 21 మిల్లీసెకండ్లు పోయినట్లే. అది పాట చివరిదాకా తిరిగి రాదు. తరువాత వచ్చిన కొన్ని పెట్టెలు నాదంలోనే స్థానం కూడ రాసి, మధ్యలోనుంచి అందుకొనే వీలు కల్పించాయి. మిడిలో ఇందుకు ప్రత్యేకమైన ఆజ్ఞ ఉన్నది. అది దెబ్బలో నాలుగవ వంతును ప్రమాణంగా తీసుకొని 16,384 స్థానాలవరకు చెప్పగలదు. నాలుగు దెబ్బల ఆవర్తాలైతే 1,024 ఆవర్తాలు. ఏ పాటకైనా చాలును.

రెండవ దోషం దీనికంటె లోతైనది, దీనిని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఎఫ్.ఎస్.కె. నాదాన్ని టేపు మీద ఎవరు నింపుతారు? సీక్వెన్సరే. అది ఏ వేగంతో నడుస్తూ ఉంటే ఆ వేగమే నాదంలో కలిసిపోతుంది. అంటే గాయని నోరు తెరవకముందే, డప్పు మీద కర్ర పడకముందే, పాట నడక టేపు మీద గీసి ఉంటుంది. ఆ తరువాత వచ్చిన ప్రతివారూ ఆ గీత మీద నడవవలసినదే. పెద్దవారు యంత్రం మీద చేసే ఫిర్యాదు ఈ ఒక్క పద్ధతి విషయంలో సగానికి సగం నిజం.

రెండవ పద్ధతిని ‘సింప్టీ’ కాలసంకేతం అంటారు. ఇది అమెరికాలోని చలనచిత్ర, టెలివిజన్ ఇంజనీర్ల సంఘం పేరులోని పొడి అక్షరాల పలుకు. 1960 దశకం చివర బొమ్మను కత్తిరించి అతికే పని కోసం పుట్టిన సంకేతమిది. బొమ్మ ఒక్కింటికి 80 బిట్లు. వాటిలో గంట, నిమిషం, సెకండు, బొమ్మ సంఖ్య ఉంటాయి. చివరి 16 బిట్లు టేపు ముందుకు పోతున్నదో వెనుకకు పోతున్నదో కూడ చెబుతాయి. సెకండుకు 25 బొమ్మలైతే 2,000 బిట్లు. వాటిని నాదంగా వింటే 1,000 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య పౌనఃపున్యాలు. మామూలు టేపుకు ఇది భారం కాదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ గనుక టెలివిజన్ 25 బొమ్మల లెక్కన స్థిరపడింది. అమెరికావారు రంగుల టెలివిజన్ కోసం 1953లో 30ని 29.97 చేసి, గంటకు 108 బొమ్మల సంఖ్యలను లెక్కలో దాటవేస్తూ తంటాలు పడ్డారు. ఆ పీడ ఇక్కడివారికి తప్పింది.

ఈ సంకేతం నాదాన్నిబట్టి టేపు మీద ఏ చోటైనా తన చిరునామా తాను చెప్పుకుంటుంది. ఎక్కడ మొదలుపెట్టినా సీక్వెన్సరు అక్కడికి వచ్చి కలుసుకుంటుంది. 1987లో ఈ చిరునామాలనే మిడి తీగలో పంపే ఏర్పాటు కూడ వచ్చింది. ఒక పూర్తి చిరునామా ఎనిమిది ముక్కలుగా, రెండు బొమ్మల కాలంలో చేరుతుంది. అయితే అన్నింటికంటె ముఖ్యమైన విషయం మరొకటి. సింప్టీలో ఉన్నది గడియారపు కాలం మాత్రమే, దానిలో పాట వేగం లేదు. పన్నెండవ సెకండు ఎన్నవ దెబ్బ అన్నది వేరే పట్టికలో రాసుకోవాలి. దానిని వేగపటం అనవచ్చును. ఆ పటంలో ఒకే అంకె ఉండవచ్చు, వెయ్యి అంకెలు ఉండవచ్చు. గాయని పాడకముందు రాయవచ్చు, పాడిన తరువాత రాయవచ్చు. పాట వింటూ మీట మీద వేలితో తాళం కొడితే, ఆ దెబ్బలనుబట్టి వేగపటాన్ని తానే రాసుకొనే పరికరాలు 1980 దశకంలోనే ఉన్నాయి.

అందుచేత యంత్రం గాయనిని అనుసరించలేదు అనే మాట అప్పటికే నిజం కాకుండా పోయింది. అది అనుసరించగలదు. అనుసరించమని అడిగినవారు తక్కువ.

తెలుగు పాట విషయంలో ఈ మార్పు ఎక్కడ మొదలైనదో చెప్పకపోతే విచారణ సగంలో నిలిచిపోతుంది. ఘంటసాల కాలంలో మద్రాసు స్టూడియోలలో గాయకులు, వాద్యబృందం ఒకేచోట చేరి, నిర్వాహకుని చేతి ఊపును చూస్తూ, పాటనంతా ఒక్క ఊపులో రికార్డు చేసేవారు. అక్కడ గడియారం ఆ చేయి. తరువాత దారులు పెరిగాయి, విడివిడిగా పాడే అలవాటు వచ్చింది, ఆ చేయి అదృశ్యమైంది. చెవిలో టిక్కుటిక్కుమనే శబ్దం దాని స్థానాన్ని ఆక్రమించింది. 1986లో వచ్చిన తమిళ చిత్రం ‘పున్నగై మన్నన్’లో ఇళయరాజా సీక్వెన్సరును వాడారు. దాని తెలుగు అనువాదమే ‘డాన్స్ మాస్టర్’. రాజ్–కోటి జంట దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే యువకుడు 1992లో ‘రోజా’తో ఏ.ఆర్. రహ్మాన్‌గా ప్రసిద్ధుడైనాడు. సీక్వెన్సరుతో పాట కట్టే విద్య దేశమంతటా రాజమార్గమైంది.

సినిమా పాటలో ఇది తప్పు కాదు. ఆ పాట మొదటినుంచి ఆ నడకను మనసులో పెట్టుకొని పుట్టింది. తెరమీది అడుగులకు, కత్తిరింపులకు స్థిరమైన వేగం ఉపకారమే. 2021లో తెలంగాణ జాగృతి నిర్మించిన ‘అల్లిపూల వెన్నెల’ అనే బతుకమ్మ పాటకు రహ్మాన్ సంగీతం కూర్చారు, గౌతమ్ మేనన్ దర్శకత్వం వహించారు. అది తెరకోసం కొత్తగా రాసి కూర్చిన పాట. దానిని వలయంలోని పాట కొలతతో కొలవడం న్యాయం కాదు. తగవంతా వలయంలో పుట్టిన పాత పాటను తీసుకొనివచ్చి ఈ చట్రంలో బిగించినప్పుడే.

ఆ బిగింపులో ఏమి పోతుందో అంకెలతో చూపవచ్చును. ఒక వలయం నిమిషానికి 72 చప్పట్లతో మొదలై, సమంగా పెరుగుతూ ఆరు నిమిషాల చివరకు 84కు చేరింది అనుకోండి. సగటు 78, మొత్తం 468 చప్పట్లు. యంత్రం 72 దగ్గరే నిలిచి ఉంటే 432. తేడా 36 చప్పట్లు. ఇంత తేడా వచ్చే పాటకు ఒకే అంకె ఇచ్చినవాడు ఏం చేశాడు? పెరుగుదలనంతా చెరిపివేశాడు. పెరుగుదలే ఆ పాటలో ఉత్సాహమైనప్పుడు, చెరిపింది ఉత్సాహాన్నే. ఆ లోటును పూడ్చడానికి పాటను మొదటినుంచే 100కు, 110కి పెంచడం, కింద మోత పెట్టడం నేటి ఆచారం. ముసలివారు, చంటిపిల్లల తల్లులు ఆ వేగంతో తిరగలేక పక్కకు తప్పుకుంటే ఆశ్చర్యం ఏమున్నది? చరణాలూ తగ్గుతాయి. కథ చెప్పే పొడవైన పాట నాలుగు నిమిషాలలో ఇమడాలంటే కథ సగంలో తెగుతుంది.

రెండవ పక్షం చెప్పేది కూడ వినాలి. కామారెడ్డి వంటి పట్టణంలో చిన్న గది అద్దెకు తీసుకొని, ఒక కీబోర్డు, ఒక కంప్యూటరుతో పాటలు చేసేవాడికి పదిమందిని పిలిచే స్తోమత లేదు. స్థిరమైన వేగం ఉంటే ఒక చరణంలోని కోరసును నకలు తీసి మరొక చరణంలో అతికించవచ్చును. తప్పు పాడిన ఒక్క మాటనే మళ్లీ పాడించవచ్చును. పెళ్లి బారాత్‌లో ఒక పాటనుంచి మరొక పాటకు దాటడం సులభం. అలా తయారైన పాటల వల్లనే పల్లెలోని గాయనుల పేర్లు నేడు ఊరు దాటి వినబడుతున్నాయి. ఈ లాభాలు అబద్ధం కావు. కాని ఇవన్నీ చేసేవాడి సౌకర్యాలు. పాటకు అవి కావాలా అన్న ప్రశ్నకు ఇవి జవాబు కావు.

నిర్దుష్టత అనే వాదం మాత్రం శాస్త్రం ముందు నిలబడదు. యంత్రం మిల్లీసెకండు తప్పదు, మనుషులు తప్పుతారు, అందుచేత యంత్రాన్ని ఆశ్రయించాలి అంటారు. గాలిలో ధ్వని వేగం సెకండుకు సుమారు 340 మీటర్లు. పది మీటర్ల అడ్డుకొలత ఉన్న వలయంలో ఎదుటి స్త్రీ చప్పుడు ఇవతలి ఆమె చెవిన పడడానికి 29 మిల్లీసెకండ్లు పడుతుంది. ఎవరి దగ్గర నిలబడినవారికి వారి చుట్టూ ఉన్న చప్పట్లు ముందు, దూరపువి వెనుక. అయినా వలయం చెదరదు, ఎందుకంటే వారు వింటూ, చూస్తూ, పక్కవారి భుజం కదలికనుబట్టి సవరించుకుంటూ ఉంటారు. ఇక బాక్సు సంగతి చూడండి. మైదానానికి ఒక చివర దానిని నిలబెట్టితే, 34 మీటర్ల దూరంలో ఉన్నవారికి ప్రతి దెబ్బా పదవ వంతు సెకండు ఆలస్యంగా చేరుతుంది. వారు దానిని వినగలరు గాని అది వారిని వినలేదు. యంత్రంలో మిల్లీసెకండు కోసం గాయని గొంతును బిగించినవాడు, మైదానంలో వంద మిల్లీసెకండ్లను గాలికి వదిలివేశాడు!

టేపు యంత్రాలు నేడు స్టూడియోలలో అరుదు. దారులు, సీక్వెన్సరు, వేగపటం అన్నీ ఒకే కంప్యూటరులో ఇమిడిపోయాయి. గొరగొరమనే సంకేతం అవసరం లేదు, దూడను బండికి కట్టే తాడు కనబడదు. కనబడకపోయినా అలవాటు మిగిలింది. కొత్త పాటకు ఫైలు తెరవగానే తెరమీద 120 అనే అంకె సిద్ధంగా ఉండే కార్యక్రమాలు ఎన్నో ఉన్నాయి. చాలామంది దానిని కొంచెం అటు ఇటు జరిపి పని మొదలుపెడతారు. టేపు మీద ఎఫ్.ఎస్.కె. నాదం నింపినప్పుడు తప్పనిసరి అయిన క్రమాన్ని, తప్పనిసరి కాని నాడు కూడ పాటిస్తున్నారన్నమాట. ముందు దెబ్బ, తరువాత గొంతు. ఈ క్రమాన్ని తిప్పడానికి అదనంగా ఒక రూపాయి ఖర్చు లేదు. ముందు పాట చెప్పే ఆమెను, వంత పాడేవారిని చప్పట్లతో సహా, టిక్కుటిక్కు లేకుండా రికార్డు చేయాలి. తరువాత ఆ చప్పట్లనుబట్టి వేగపటం గీయాలి. ఆ పటం మీద డప్పును, కీబోర్డును నడిపించాలి. పని ఒక పూట పెరుగుతుంది. నిజమైన అభ్యంతరం అదొక్కటే, అది చేసేవారి ఓపికకు సంబంధించినది.

ఉన్నత పాఠశాలలో దీనిని పరీక్షించడానికి ఫోను చాలును. ఎల్లారెడ్డిలోని ఒక విద్యార్థిని తన నాయనమ్మ నలుగురు స్త్రీలతో కలిసి పాడిన పాటను రికార్డు చేసి, ప్రతి నాలుగవ చప్పుడు ఎన్నవ సెకండులో పడినదో రాసుకోవచ్చును. చదరపు కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా చప్పట్ల సంఖ్య గుర్తించి బిందువులను కలపాలి. బాక్సు పాటకు కూడ అలాగే చేయాలి. బాక్సు పాట సరళరేఖగా వస్తుంది, వాలు అంతటా ఒకటే. నాయనమ్మ పాట గీత కొన్నిచోట్ల చదునై, తరువాత నిటారుగా లేస్తుంది. చదునైన ప్రతి చోటా ఆమె ఏ మాటను సాగదీసినదో కాగితం పక్కన రాసుకుంటే, వేగపటం తయారైనట్లే. నాలుగవ చప్పుడుకు బదులు ప్రతి చప్పుడూ గుర్తిస్తే గీత ఎక్కువ వివరంగా ఉంటుంది గాని, వేలితో గుర్తించడంలో వచ్చే తప్పు కూడ దానిలో కలుస్తుంది. మూడుసార్లు గుర్తించి సగటు తీయడం మంచిది.